సువార్తమ్మ కట్టిన మూడు ఊళ్ల కేటలాగు

వనపర్తి సువార్తమ్మ గారు మరణించారన్న వార్త నాకు జహంగీర్ సార్ ఫోన్‌లో చెప్పారు. అప్పుడు నేను గద్వాలలో మా గ్రంథాలయం తాళం తీస్తున్నాను. ఎప్పుడూ సలాంతో మొదలుపెట్టే మనిషి ఆనాడు సలాం లేకుండానే, "తిమ్మప్పా, అక్క పోయింది" అన్నారు. ఏ అక్క అని అడిగాను. అడగవలసిన ప్రశ్న కాదది. "ఇంకెవరున్నరయ్య మనకు? సువార్తక్క. పొద్దుగాల చాయ్ పెట్టుకుంట కూలబడ్డదట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అంటూ ఆయన ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదనో నేటికీ తెలియదు.

ముందురోజు సాయంత్రమే ఆమె నాకు వాయిస్ మెసేజ్ పంపారు. అందులో ఆశీర్వచనాలు, అంతిమ సందేశాలు ఏమీ లేవు. "తిమ్మప్పా, ఆ పత్తి పురుగుల పుస్తకానికి కేటలాగుల రికార్డు రాసింది నువ్వేనా? రాసినాయన ఇంటిపేరు కాడ ఊరిపేరు పెట్టినవు. జర చూసి చెయ్యి నాయనా, పిల్లలు పరేషాన్ అయితరు" అని తిట్లు ఉన్నాయి. ఆ రికార్డు సరిదిద్దానని చెప్పే అవకాశం కూడా ఆమె నాకు ఇవ్వలేదు.

ఆమె ఎవరో తెలియని పాఠకులకు చెప్పాలి. పత్రికల్లో ఆమె ఫోటో ఎన్నడూ రాలేదు, వేదికల మీద ఆమెకు శాలువా ఎవరూ కప్పలేదు. విశ్వవిద్యాలయం నీడలో బతుకు ఈడ్చే చిన్న కాలేజీ గ్రంథాలయాలు మావి. వనపర్తిలో ఆమె, నాగర్‌కర్నూల్‌లో జహంగీర్ సార్, గద్వాలలో నేను లైబ్రేరియన్లం. ఎలక్ట్రానిక్ పుస్తకాలు, పరిశోధన పత్రికలు అమ్మే కంపెనీలు మా వంటి వారిని గడప తొక్కనివ్వవు. ఒక ఏజెంటు ఆమె ముఖం మీదనే, "మీది చిన్న కాలేజీ మేడం, మీకెందుకివన్నీ?" అన్నాడట. ఆ మధ్యాహ్నమే మా ఇద్దరికీ ఫోన్ చేశారు. "ఒక్కొక్కలం పోతే గేటు కాడనే నిలబెడుతుండ్రు. ముగ్గురం కలిసి అడుగుదాం. చందా ఒక్కటే కట్టాలె, మూడు కాలేజీలల్ల తెరుచుకోవాలె. ఏమంటరు?" మేమేమంటాం? ఆమె అడిగే తీరులో కాదనడానికి చోటుండేది కాదు.

ఈ పట్టుదల ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందో చాలాకాలానికి గాని అర్థం కాలేదు. ఉప్పునుంతల దగ్గరి పల్లెలో పుట్టారు. తల్లిదండ్రులు కాలువలు తవ్వే పనికి దేశాలు తిరిగిన కూలీలు. పని మారినప్పుడల్లా ఆ పిల్లకు బడి మారేది. ఏ బడిలో చేరినా అప్పటికే పుస్తకాలు పంచడం అయిపోయేది. "పక్కపిల్ల పుస్తకంల చూసి చదువుకో అనెటోళ్లు తమ్మీ. నేను చదివిందంతా పక్కపిల్ల పుస్తకంలనే. మన పిల్లలు పక్క కాలేజీ పుస్తకంల చూస్తే తప్పేంది?" అని ఆమె ఒకనాడు నవ్వుతూ అన్నారు. నేను నవ్వలేకపోయాను.

మా ఉమ్మడి వ్యవహారానికి కార్యాలయం లేదు. కొత్తకోటలో హైవే పక్కన ఒక ధాబా మూలబల్ల మా కార్యాలయం. ముగ్గురికీ అందుబాటులో ఉండే ఊరు అదే. ఆమె ఇంటినుంచి జొన్నరొట్టె, పచ్చికారం తెచ్చుకునేవారు. ధాబాలో చాయ్ మాత్రం తాగేవారు. లారీల మోతలో ల్యాప్‌టాప్ తెరిచి ఏ పత్రిక కొనాలి, ఏది మానాలి అని మేం పోట్లాడుకుంటుంటే ధాబా యజమాని చాలారోజులు మమ్మల్ని ప్లాట్ల బ్రోకర్లనుకున్నాడు. చివరికి ఉండబట్టలేక వచ్చి, "ఏ సైడు వెంచర్ మేడం? నాకు గూడ ఒకటి చూడుండ్రి" అన్నాడు. "మాది గాలిల వెంచర్ అన్నా. రిజిస్ట్రేషన్ కాదు, కిరాయికే ఉంటది" అన్నారామె. ఆయన ఏమర్థం చేసుకున్నాడో గాని ఆ పూట చాయ్‌కి పైసలు తీసుకోలేదు.

కొనడం సగం పనే. కొన్నది ఉందని పిల్లలకు తెలియాలి కదా! అందుకు మూడు కాలేజీలకూ కలిపి కంప్యూటర్‌లో ఒకటే కేటలాగు పెట్టారామె. ప్రతి పుస్తకానికి ఒక రికార్డు. అందులో పేరు, రచయిత, విషయం, తెరుచుకునే లింకు ఉంటాయి. ఆ 'విషయం' అన్న చోటనే ఆమె మొండితనమంతా కనిపించేది. పుస్తకంలో వేరుశనగ అని ఉంటుంది. వనపర్తి పిల్లలు పల్లి అని వెతుకుతారు, మా గద్వాల పిల్లలు బుడ్డలు అని వెతుకుతారు. దొరకదు. పుస్తకం లేదనుకొని వెళ్లిపోతారు. కాబట్టి ముగ్గురం ముందు మా పిల్లల నోట వచ్చే మాటలు పోగు చేయాలి. అవన్నీ రికార్డులో చేరితేనే రికార్డు పూర్తయినట్టు. సుగ్గి అన్న మాట కోసం ఆమె నన్ను ఒక సాయంత్రమంతా ఫోన్‌లో వేధించారు. కోతల కాలంలో మావైపు జనం కూలికి వలసపోవడాన్ని అలా అంటారని, కన్నడ దేశం గాలి తగిలిన మాట అని చెప్పాను. "మరి గిన్నేండ్లు ఎందుకు చెప్పలే? వలస మీద ఉన్నయన్నీ తీసి ఆ మాట గూడ పెట్టు" అన్నారు. అన్నీ తీసి పెట్టాను.

ఒకసారి తనిఖీకి వచ్చిన ఒక విద్యాధికుడు ఆ కేటలాగు చూసి నొసలు చిట్లించారు. "ఇవన్నీ గ్రామ్య పదాలమ్మా. విశ్వవిద్యాలయ ప్రమాణాలకు తగవు" అన్నారు. "సార్, ప్రమాణం మాట తీసేయలేదు, పైననే ఉన్నది. కింద పిల్లల మాటలు పెట్టిన. పైమాట తెల్సినోళ్లు పైనుంచి రావచ్చు, తెల్వనోళ్లు కిందినుంచి వస్తరు" అన్నారామె. ఆయన సమాధానపడలేదు, తన నివేదికలో ప్రతికూలంగానే రాశారు. ఆమె ఒక్క మాటా తొలగించలేదు. ఆ నివేదిక ఆమె పదోన్నతికి అడ్డుపడిందని అనుకునేవాళ్లున్నారు. నేనూ అలాగే అనుకుంటాను.

ఆమె కోపం రుచి చూసినవాళ్లలో ఒక ప్రిన్సిపాల్ గారున్నారు. ఏ కళాశాలో చెప్పను. చెప్పినా సిగ్గుపడే ఘటం కాదు. కంపెనీవాళ్లు మా కాలేజీల ఇంటర్నెట్ చిరునామా చూసి తలుపు తెరుస్తారు. చిరునామా మారితే తలుపు మూసుకుపోతుంది. ఆ పెద్దమనిషి చవగ్గా వస్తుందని కనెక్షన్ మార్చి ఎవరికీ చెప్పలేదు. ప్రాజెక్టులు రాసే రోజుల్లో అక్కడి పిల్లలకు ఒక్క పత్రికా తెరుచుకోలేదు. కంపెనీయే మోసం చేసిందని స్టాఫ్ రూమ్‌లో అందరూ తీర్మానించుకొని కూర్చున్నారు. ఆమె బస్సెక్కి వెళ్లి, గోడకున్న కొత్త ఇంటర్నెట్ డబ్బాను చూసి విషయం కనిపెట్టి, నేరుగా ఆయన గదిలోకి పోయారు. "ఇల్లు మారితే పాలాయనకు చెప్తరు, పేపరాయనకు చెప్తరు. ఇది మార్చినమని మాకెందుకు చెప్పరు సార్?" అంటే, "నాకేం తెలుసమ్మా, ఇవన్నీ మీరే చూసుకుంటరు గద" అన్నాడాయన. ఆ వాక్యంలోనే మా ఉమ్మడి వ్యవస్థ చావు రాసి ఉందని ఆమెకు ఆనాడే తెలుసు. తిరుగుబస్సులో నాకు ఫోన్ చేసి, "అందరు నా మీద ఏసి నిద్రపోతుండ్రు తిమ్మప్పా. నేను లేకపోతే ఏందిర మరి?" అన్నారు. నేను ఏదో ధైర్యం చెప్పాను. మాటకు చెప్పిన ధైర్యమే అది.

మేం కొన్నవేవీ మా సొంతం కావు. ఏడాదికోసారి చందా కట్టాలి. కట్టకపోతే అన్నీ మూతపడతాయి. అచ్చు పుస్తకమైతే చెదలు పట్టేదాకా బీరువాలో ఉంటుంది. దీనికి ఆ భాగ్యం కూడా లేదు. చందా కట్టిన ఏళ్లవైనా మాకు శాశ్వతంగా ఉంచమని ఆమె ప్రతి ఒప్పందంలో అడిగారు, ప్రతిసారీ భంగపడ్డారు. అందుకే చందా పొడిగింపు కాగితం విషయంలో ఆమె ఒక పద్ధతి పెట్టారు. ముగ్గురు ప్రిన్సిపాళ్లూ ఒకే కాగితం మీద సంతకం చేయాలి. వేర్వేరు కాగితాలైతే ఎవరో ఒకరు చప్పుడు చేయకుండా జారుకుంటారు. ఒకటే కాగితమైతే ముందువాడి సంతకం చూసి వెనకవాడు సిగ్గుకైనా చేస్తాడు. ఏటా ఆ కాగితం పట్టుకొని ఆమె వనపర్తినుంచి నాగర్‌కర్నూల్‌కు, అటునుంచి గద్వాలకు బస్సుల్లో తిరిగారు. ఈసారి ఆ కాగితం బయలుదేరకముందే ఆమె వెళ్లిపోయారు. నెలాఖరుకు గడువు.

వనపర్తి కాలేజీలో జరిగిన సంతాపసభకు మూడు కాలేజీలవాళ్లూ వచ్చారు. ఆమె పటానికి బంతిపూల దండ వేశారు. వక్తలందరూ తీరని లోటు అన్నారు. ఒకరు ఆమెను సరస్వతీ స్వరూపిణి అన్నారు. ఆమె చర్చినుంచి వచ్చి ఒక వరసలో కూర్చున్న అక్కచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పఠనమందిరానికి ఆమె పేరు పెడతామని ప్రకటించారు, చప్పట్లు కొట్టారు. సభ ముగిశాక జహంగీర్ సార్, నేను ఆ కాగితం తీసి ముగ్గురు ప్రిన్సిపాళ్ల ముందు పెట్టాం. తీరని లోటు సంగతి దేవుడెరుగు, తీర్చగలిగిన లోటు ఒకటి వాళ్ల బల్ల మీదనే ఉంది.

మొదటాయన సంతకం పెట్టారు. రెండో ఆయన పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "మేడం ఉండంగ నడిచింది. ఇప్పుడు ఎవరు చూస్తరు? రేపు ఆడిట్లవాళ్లు అడిగితే నేనేం చెప్పాలె?" అన్నారు. "మేం చూస్తం సార్" అన్నాను. "మీరు రెండేండ్లల్ల రిటైరు. ఆయన పోస్టు ఉంటదో పోతదో తెల్వదు. మేడం పోస్టు నింపుతలేరని ఇయ్యాలనే చెప్పిండ్రు" అన్నారు. మూడో ఆయన ఇంకా సులువుగా తేల్చేశారు. "పిల్లలకు ఫోన్లల్ల అన్నీ వస్తున్నయి గదయ్యా!" జహంగీర్ సార్ జీవితంలో ఎవరిమీదా గొంతెత్తని మనిషి. ఆనాడు, "సార్, ఇప్పుడే గద ఆమెను అంత మెచ్చుకున్నరు! గా మాటలు ఉత్తవేనా?" అన్నారు. వడ్డించిన ఉప్మా చల్లారిపోతుందని ఎవరో గుర్తుచేశారు. ఒక్క సంతకంతో ఆ కాగితం నా సంచిలోకి తిరిగి వచ్చింది.

గడువు దాటిన మరుసటి ఉదయం మంజుల అనే అమ్మాయి మా గ్రంథాలయానికి వచ్చింది. కూలికి పోయే తల్లుల పిల్లల చదువుల మీద పరిశోధన వ్యాసం రాస్తోంది. "సార్, నిన్నటిదాంక తెరుచుకున్నయన్నీ ఇయ్యాల పాస్‌వర్డ్ అడుగుతున్నయి. సగం చదివిన, సగం ఉన్నది. సువార్త మేడంకు ఫోన్ చేస్తే చెప్తది, ఎప్పుడు చేసిన చెప్తది. ఫోన్ కలుస్తలేదు" అంది. మేడం పోయారని ఆ పిల్లకు తెలియదు. గద్వాలలో ఎవరికి తెలుసు గనక! నేనే చెప్పవలసి వచ్చింది. ఆ పిల్ల తెరిచి ఉన్న నోట్‌బుక్ మూసింది. తర్వాత, "మరి మిగిలిన సగం ఎట్ల సార్?" అని అడిగింది. వేరే విషయం ఎంచుకొమ్మని వాళ్ల సార్ చెప్పారని తరువాత విన్నాను.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. గ్రంథాలయంలో లేనిదాన్ని కేటలాగు ఉందని చూపరాదు. చూపితే వచ్చినవాడిని మోసగించినట్టు. కాబట్టి ఇప్పుడు ఆ రికార్డులన్నీ తొలగించాలి. కంపెనీ చందా ఒక్క మీటతో ఆగిపోయింది గాని, మా కేటలాగులో అచ్చు పుస్తకాలూ కలిసి ఉన్నందున ఒక్కొక్కటే తెరిచి చూసి తీసేయాలి. ప్రతి రికార్డు అడుగున తయారుచేసినవారి పేరుంటుంది. దాదాపు అన్నింటికీ ఆమె పేరే. తీసేయమంటే, నిశ్చయమేనా అని కంప్యూటర్ మళ్లీ అడుగుతుంది. అవునని నొక్కుతున్నాను.

నిన్న జహంగీర్ సార్ ఫోన్ చేశారు. "షురూ చేసినవా?" అన్నారు. చేశానన్నాను. "నాకు చేతులొస్తలేవు తిమ్మప్పా. మనమన్న ఉంచుదాం, పోనీ" అన్నారు. "ఉంచితే పిల్లలు నొక్కుతరు సార్. నొక్కి నొక్కి మనల్ని తిట్టుకుంట పోతరు" అన్నాను. సరే, నాగర్‌కర్నూల్ వాటా తాను చేస్తానన్నారు.

అక్కా, మీకు నివాళిగా ఒక పుష్పమైనా సమర్పించాలని అందరూ రాస్తారు. నాకు ఆ పుణ్యం దక్కలేదు. మీరు ఏళ్లతరబడి పిల్లల మాటలు ఏరి కూర్చినదాన్ని నా చేతులతో నేనే తుడిచేస్తున్నాను. ఈ వ్యాసం అచ్చయ్యేనాటికి ఆ పని పూర్తవుతుంది. ఆపైన మూడు ఊళ్లలో ఏ పిల్ల వచ్చి ఆ చందా పుస్తకాల కోసం ఏ మాట కొట్టి వెతికినా, ఏమీ దొరకలేదని తెర మీద వస్తుంది. అది అబద్ధం కాదు.