కెప్టెన్ ముద్ద పట్టుకుని ఆగిన పేజీ

పుస్తకం అచ్చయిన వారానికే నాకు తెలిసిపోయింది, అంతరిక్ష నౌక తలుపు ఎడమకు తెరుచుకుంటుందని. నేను కుడికి తెరిచినానంట. ముందు ఎవరో అబ్బాయి ఫోన్ చేసి చెప్పినాడు. తరవాత ఒకమ్మాయి. ఆ తరవాత మనుబోలు నుంచి ఒక పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారంట, "తల్లీ, మీరు సీరియల్ చూసే రాసినారా?" అని ఎంతో మర్యాదగా అడిగినాడు. చూసినానండీ. ఫోన్ చిన్నది, కళ్ళజోడు పాతది, అయినా రెండు సీజన్లూ వదలకుండా చూసినాను. తలుపు తెరుచుకుంటే ఎవరొస్తున్నారా అని చూస్తాం గానీ, తలుపు ఎటు పోయిందని చూస్తామా?

అయినా దేవునికి స్తోత్రం. తప్పు పట్టాలన్నా చదవాలి గదా, చదివినారు.

నన్నెవరు రాయమన్నారని మీకూ అనిపించవచ్చు. చాలామంది అడిగినారు. విజయవాడలో ఒక ప్రచురణకర్త గారు అంతకు ముందు నా కథలు ఒక పుస్తకంగా వేసినాడు. ఆయనే ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, అంతరిక్షం మీద తెలుగులో సీరియల్ వస్తోంది గదా, దానికి నవల కావాలంట. మీరు టయానికి ఇస్తారని మీ పేరు చెప్పినాను" అన్నాడు. టయానికి ఇవ్వడం తప్ప నాలో ఆయనకు ఇంకేం కనపడలేదో ఏమో. సరేనన్నాను.

కథ పెద్ద చిక్కు కాదు. భూమి నుంచి బయల్దేరిన నౌకలో ఒక కెప్టెన్, ఒక వంటామె, ఒక మరమనిషి, ఇంకొందరు ఉంటారు. మొదటి సీజన్ చివర నౌక మాయమౌతుంది. రెండో సీజన్ మొదట్లో తిరిగొస్తుంది. మధ్యలో వాళ్ళకేం జరిగిందో నేను రాయాలి. అది ఎవరికీ తెలీదనుకోవడం నా పిచ్చి. అభిమానులందరికీ తెలుసు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలుసు.

మరమనిషి చేత "అండీ" అనిపించినానంట. "మా మరమనిషి ఎవర్నీ లెక్కచెయ్యడు మేడమ్" అని ఒకడు వాపోయినాడు. నౌకలో నీళ్ళ తొట్టి పెట్టి చేపలు పెంచినాను, అదీ తప్పే. తొట్టిని సీరియల్‌లో చూపించలేదంట. వాళ్ళు తిన్న కంచాలు ఎవరు కడిగినారో కూడా చూపించలేదు గదా, కడగకుండానే తిన్నారా? ఇంకొకతను నా పుస్తకం మీద వీడియో చేసినాడు. అందులో నేను రాసిన వాక్యాలు ముక్కుతో చదివి, "అంతరిక్షంలో నిన్నటి చేపల పులుసేందండీ, ఈమె నౌకని నెల్లూరు మెస్సు అనుకుందా?" అని పడీపడీ నవ్వినాడు. అట్ట వెనక నా గురించి రాసింది చదివి ఇంకెవరో, "బడికే పోని ఆమెకు సైన్సు నవల ఎట్టా ఇచ్చినారు?" అని పెట్టినారు. నిజమే, పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. అమ్మ బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పింది, నాయన ఇంజన్ల కేటలాగులు ముందు పెట్టి లెక్కలు నేర్పినాడు. ఆ ఇద్దరి కోసం నేను స్తోత్రం చెప్పని రోజు లేదు. అయితే ఇదంతా ఆ రాసినవాళ్ళకి కామెంటు పెట్టి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఒక్క పేజీ మీద పడిన రభస ఒక ఎత్తు.

ఆ పేజీలో జరిగేది ఇంతే. నౌకలో కరెంటు పోయి, అందరూ ఆకలితో చీకట్లో కూర్చుని ఉంటారు. వంటామె మిగిలిన అన్నమూ నిన్నటి పులుసూ పంచుతుంది. పంచి, తన కంచం ముందు కళ్ళు మూసుకుంటుంది. ముద్ద నోటిదాకా తెచ్చిన కెప్టెన్, ఆమె కళ్ళు తెరిచేదాకా ఆగుతాడు. ఆమె ఏ దేవుణ్ణి తలుచుకుందో నేను రాయలేదు. కెప్టెన్‌కి తెలీదు, నాకెట్టా తెలుస్తుంది?

ఆ కెప్టెన్ ఊతపదం "ఎదురు చూసేది లేదు". ప్రతి భాగంలోనూ ఒకసారైనా అంటాడు. అభిమానులు దాన్ని చొక్కాల మీద, ఫోన్ కవర్ల మీద అచ్చేయించుకున్నారు. అట్లాంటి మనిషిని అన్నం ముందు ఆపేసినానని వాళ్ళ ఏడుపు. కొందరైతే నేను మతం తెచ్చి నౌకలో దూర్చినానన్నారు.

సరే, వాళ్ళు పరాయివాళ్ళు. ఆదివారం ఆరాధన అయినాక మా పాస్టరమ్మ గారు నన్ను పక్కకు పిలిచింది.

"పుస్తకం చూసినానమ్మా. ప్రార్థన పెట్టినావు, సంతోషం. ప్రభువు పేరు రాయడానికి సిగ్గేసిందా?"

"ఆ వంటామె ఎవరో ఏందో సీరియల్ వాళ్ళు చెప్పలేదండీ అమ్మగారూ."

"వాళ్ళు చెప్పకపోతే నువ్వే బాప్తిస్మం ఇప్పించొచ్చు గదా. నవల నీదేగా?"

ఒకరేమో దేవుణ్ణి నౌక ఎక్కించినానని కోపం, ఇంకొకరేమో టిక్కెట్టు మీద పేరు రాయలేదని కోపం. ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పుకుంటే, "ఆ కెప్టెన్‌కి ముందే ఇంకో రెండు ముద్దలు పెట్టేసి ఉంటే ఈ గొడవే లేదు గదా" అని పేపర్ తిప్పుకున్నాడు.

ఆ నెలలోనే ప్రచురణకర్త గారు మళ్ళీ ఫోన్ చేసినాడు. పుస్తకాలు అయిపోయినాయంట, రెండో ముద్రణ వేస్తారంట. నేను స్తోత్రం అనేలోపే, "సీరియల్ వాళ్ళు ఒక్క మార్పు అడుగుతున్నారమ్మా" అన్నాడు.

"తలుపేనా?"

"తలుపు సరే. ఆ అన్నం పేజీ తీసేద్దామంటున్నారు. అభిమానుల గ్రూపు ఒప్పుకుంటే మాత్రం ఉంచుకోమన్నారు. ఆ గ్రూపు నడిపే అమ్మాయి మీ జిల్లానేనమ్మా. ఒకసారి మాట్లాడి చూడండి."

తలుపు ఎటంటే అటు తిప్పుతాను. మరమనిషి చేత అందర్నీ "ఒరేయ్" అనిపిస్తాను. ఆ పేజీ మాత్రం తియ్యలేను. అది మా నాయనది.

నాయన ఇంజన్ల మెకానిక్. బోగోలు చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో మోటార్లు, నీళ్ళు చిలికే యంత్రాలు బాగుచేసేవాడు. అందరూ మేస్త్రీ అనేవాళ్ళు. గుంటల ఆసామి ఒకాయన ఉండేవాడు, నిమిషం నిలవని మనిషి. నడుస్తా మాట్లాడతాడు, మాట్లాడతా తిడతాడు. ఆయనది వేరే దేవుడు, వేరే పూజలు. మధ్యాహ్నం గుంట కట్ట మీద పనోళ్ళతో పాటే క్యారియర్ విప్పేవాడు. నాయన అన్నం ముందు కళ్ళు మూసుకుంటే, ఆ ఆసామి కలిపిన ముద్ద అట్నే చేతిలో పట్టుకుని, "ఆగండ్రా! మేస్త్రీ ఇంకా కళ్ళు తెరవలా" అని పనోళ్ళ మీద అరిచేవాడు. నాయనకు అన్నం తీసుకుపోయినప్పుడల్లా నేను చూసినాను. ఆగమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఇద్దరూ పోయినారు. ఆ కట్టా ఇప్పుడు లేదు. ఆ ముద్ద గురించి రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నానో. మా చర్చి పత్రికకు రాస్తే సాక్ష్యం అయిపోతుంది. వారపత్రికకు రాస్తే మతసామరస్యం అయిపోతుంది. నౌకలో పెట్టినాకే అది ఉన్నది ఉన్నట్టు నిలబడింది. ఇప్పుడు దాన్ని తీసెయ్యమంటే ఎట్టా?

ఆ అమ్మాయికి ఫోన్ చేసినాను. "మేడమ్, మీరు కెప్టెన్‌ని నాశనం చేసినారు" అని మొదలుపెట్టింది. చెవి నొప్పి పుట్టేదాకా విని, "ఫోన్‌లో ఎందుకులే తల్లీ, ఇంటికి రా, కూర్చుని తిడుదువు గాని" అన్నాను. వస్తుందనుకోలేదు. శనివారం పొద్దున కోవూరు నుంచి స్కూటీ వేసుకుని హైవే ఎండలో వచ్చేసింది. పాతికేళ్ళ లోపే ఉంటుంది, నెల్లూరులో కంప్యూటర్ల ఆఫీసులో ఉద్యోగమంట. నల్ల టీషర్టు మీద తెల్లగా "ఎదురు చూసేది లేదు". చేతిలో నా పుస్తకం, పేజీ పేజీకీ పసుపు చీటీలు అంటించి, పెళ్ళి పందిట్లో తోరణంలా ఉంది. నా పుస్తకాన్ని అంత శ్రద్ధగా ఎవరూ చదవలేదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలీలేదు.

మధ్యాహ్నం దాకా తిట్టింది. తలుపు ఒప్పుకున్నాను. మరమనిషి "అండీ" కూడా ఒప్పుకున్నాను. చేపల తొట్టి దగ్గర నేనూ ఒక పట్టు పట్టినాను.

"నీళ్ళలో గాలి ఎట్టా కలుపుతారు మేడమ్?"

"ఎట్టా కలుపుతారో ఆ కనపడే గుంటల దగ్గరికి పోయి చూసిరా. నేను రాసింది అదే."

కిటికీలోంచి చూసి, ఆ చీటీ పీకేసింది. అన్నం పేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పెంచింది. "ఆయన సొంత తమ్ముడి కోసమే నౌక ఆపలేదు మేడమ్! వంటామె కళ్ళు మూసుకుంటే ఆగుతాడా?"

"ఎందుకు ఆగకూడదమ్మా?"

"ఆగడు. అంతే."

నాకు తల తిరిగిపోయింది. టిఫిన్ తిన్నావా అంటే లేదంది. లేచి వడ్డించినాను. ఇంట్లో ఉన్నది నిన్నటి పులుసే. ఎదురుగా కూర్చుని, ఎప్పటి అలవాటో, కళ్ళు మూసుకున్నాను. ఆ రోజు కోపం ఎక్కువగా ఉండింది కాబట్టి ప్రార్థన కూడా కాస్త పొడుగైంది. ఆ పేజీ గురించి ప్రభువుకు అంతా చెప్పుకుని కళ్ళు తెరిచినాను.

ఆ పిల్ల ముద్ద నోటి ముందు పట్టుకుని అట్నే కూర్చుని ఉంది. పులుసు మణికట్టు మీంచి మోచేతి దాకా కారుతోంది. ఛాతీ మీద "ఎదురు చూసేది లేదు".

"అయిపోయిందా మేడమ్?"

"అయిపోయింది. తిను."

గబగబా తినింది. రెండో ముద్ద దగ్గర నమలడం ఆపింది.

"మేడమ్, ఇది వేరు."

"నేనేమన్నాను?"

"నేను ఆగింది మర్యాదకి. కెప్టెన్‌కి మర్యాద లేదు."

"పొద్దుటి నుంచి నన్ను తిట్టిన తిట్లకి నీకుందని నేననుకోలేదులే."

నవ్వొచ్చి పొలమారింది. నీళ్ళిచ్చినాను. తాగి, కళ్ళు తుడుచుకుని, "నేను అనుకుని ఆగలేదు, చెయ్యే ఆగిపోయింది" అని తనలో తను అన్నట్టు అంది. అప్పుడు నాయన సంగతి, ఆసామి సంగతి చెప్పినాను. తినడం మానేసి వినింది.

"రోజూ ఆగేవాడా ఆంటీ?"

"నాయనతో కూర్చున్న రోజల్లా ఆగేవాడు."

"విసుక్కోకుండానా? నిమిషం నిలవడన్నారు గదా?"

"ఎందుకు విసుక్కోడూ! 'ఏం మేస్త్రీ, మీ దేవుడు ఇంకా లైన్లోకి రాలేదా? నా పులుసు చల్లారిపోతా ఉంది' అనేవాడు. అంటానే ఆగేవాడు."

ఆ పిల్ల ఎడమచేత్తో పుస్తకం లాక్కుని ఆ పేజీ తీసింది. "ఆ మాట ఇందులో ఏది?"

లేదు. నాయన ప్రార్థన పక్కన వెటకారం ఎందుకని నేనే వదిలేసినాను.

"ఇందులో కెప్టెన్ పిల్లిలా ఆగినాడు ఆంటీ. అందుకే నాకు ఒళ్ళు మండింది. ఆయన సణుక్కుంటా ఆగితే..." పేజీ మీద వేలు పెట్టింది. "ఆగుతాడు. సణుక్కుంటా అయితే ఆగుతాడు."

పొద్దుటి నుంచి నన్ను కాల్చుకు తిన్న పిల్ల, మా ఆసామిని నాకు తిరిగి తెచ్చిచ్చింది. ఆ మాట లేకపోతే ఆయన ఆయన కాదు. ఇన్నేళ్ళూ నాకు తోచలేదు. అన్నం ముందు చెప్పుకున్న స్తోత్రం చాలదనిపించి, చెయ్యి కడుక్కుంటా మళ్ళీ చెప్పుకున్నాను.

తను గ్రూపుకు ఏం చెప్పిందో నేను అడగలేదు. వారం తిరక్కుండా ప్రచురణకర్త గారు, "పేజీ ఉంటుందమ్మా, మీరు కలిపిన మాటతో సహా" అన్నాడు. పుస్తకం వచ్చింది. తలుపు ఎడమకే తెరుచుకుంది. కరెంటు పోయిన నౌకలో కెప్టెన్ ముద్ద పట్టుకుని, "మీ దేవుడు ఇంకా లైన్లోకి రాలేదా?" అని సణుగుతున్నాడు. ఆ పేజీ చదివితే నాయన చొక్కా మీది ఇంజనాయిల్ వాసన వచ్చింది.

ఆదివారం పాస్టరమ్మ గారు గుమ్మం దగ్గరే పట్టుకుంది. "దేవుడు లైన్లోకి రావడమేందమ్మా? అదేం రాత?" చెప్పడానికి చాలా ఉంది గానీ, తలూపి లోపలికి పోయినాను.

ఇంటికొచ్చి అన్నం పెట్టుకునేసరికి ఫోన్‌లో ఆ పిల్ల మెసేజి. "ఆంటీ, పేజీ ఇప్పుడు సూపర్. కానీ ఒక్కటి. కెప్టెన్‌ది ఎడమచేతి వాటం. మీరు ముద్ద కుడిచేతిలో పెట్టినారు."

ప్రభువా! ఎడమచేతి వాటమైతే మాత్రం అన్నం ఎడమచేత్తో తింటాడా? తల్లి లేదా ఆ కెప్టెన్‌కి, మొట్టికాయ వేసి చెప్పడానికి?

ఫోన్ బోర్లా పెట్టి కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ మోగింది. మళ్ళీ. మోగనీ అనుకున్నాను. కెప్టెనే ఆగినాడు, ఆ పిల్ల ఒక్క నిమిషం ఆగలేదా?