దోమతెర మేకులు ఎక్కడ కొడతారు?

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఆటో ఎక్కితే తెలిసిన దారే అయినా మలుపులన్నీ చూసుకుంటూ కూర్చుంటాను. పాలాయన పోసిన పాలు లోపలికి తెచ్చి మళ్ళీ కొలుస్తాను. "మీ అమ్మ అద్దంలో చూసుకుని కూడా, ఎవరే నువ్వు, అంటుంది" అని మా ఆయన అమ్మాయితో అని నవ్వుతారు. నవ్వుకోనీ. అవనిగడ్డలో మా ఆడపడుచు ఇంటికి రంగులు వేయడానికి వచ్చినవాళ్ళు కబుర్లు చెప్తూ చెప్తూనే ఇంటి గుట్టంతా లాగారు. నెల తిరక్కుండా ఆ ఇంట్లో దొంగలు పడ్డారు. వాళ్ళ పనేనని ఎవరూ రుజువు చేయలేదు. నాకు రుజువులు అక్కర్లేదు.

అలాంటి నేను బందరులో మా ఇంటి వైరింగ్ అంతా పీకించి కొత్తగా వేయించుకోవాల్సి వచ్చింది. పాత ఇల్లు, పైన పెంకులు. ఉప్పుగాలికి గోడలు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి. ఆ వానాకాలం వెనక గదిలో గోడకి చెయ్యి ఆనిస్తే జివ్వుమనడం మొదలైంది. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. పురుడయ్యాక పసిబిడ్డతో పడుకోవలసింది ఆ గదిలోనే.

మా ఆయన గుడివాడలో రైస్‌మిల్లులో పనిచేస్తారు. పొద్దున్నే రైలెక్కితే చీకటి పడ్డాకే ఇల్లు చేరతారు. కాబట్టి కాపలా నాదే అయింది. ఎలక్ట్రీషియన్ పెడన నుంచి బండి మీద వచ్చేవాడు. నలభై అయిదేళ్ళుంటాయి, నెమ్మదిగా మాట్లాడే మనిషి. అతను ఏ గదిలో పనిచేస్తే ఆ గదిలో స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. చేతిలో చిక్కుడుకాయలో, మడతపెట్టాల్సిన బట్టలో ఉండేవి. కళ్ళు మాత్రం అతని చేతుల మీదే.

గోడ పగలగొడితే పాత వైర్లు బయటపడ్డాయి. పైపు అన్నది లేదు. వైర్లని తీసుకెళ్ళి నేరుగా సిమెంటులో పూడ్చేశారు. పై తొడుగు ఊడిపోయి, లోపలి రాగి పచ్చగా చిలుమెక్కింది.

"ఇన్నాళ్ళూ మీరు బతికుండటం అదృష్టం అక్కయ్యగారూ" అన్నాడతను.

ముందు వచ్చినవాడు ఇలా పూడ్చిపోతే, ఇతను మాత్రం పూడ్చడని ఏమిటి నమ్మకం అనుకున్నాను. అతను టీకి వెళ్ళినప్పుడు లేచి, గాడిలో పైపు చివరిదాకా ఉందో లేదో వేలు పెట్టి తడిమి చూశాను. ఉంది. అయినా మనసు ఊరుకోలేదు. పైపుని నిలువుగా, లేదంటే అడ్డంగా తప్ప తీయడేమిటి, ఏటవాలుగా తీస్తే దగ్గర కదా అని నిలదీశాను.

"రేపు ఎవరన్నా గోడకి మేకు కొట్టాలంటే, స్విచ్చుల బోర్డు చూడగానే పైపు ఎటు పోయిందో తెలియాలి కదండీ. ఏటవాలుగా పోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

మాట సబబుగానే ఉంది. ఇంత సబబుగా మాట్లాడేవాళ్ళంటేనే నాకు భయం.

మూడో రోజు మొదలెట్టాడు ప్రశ్నలు. మధ్య గదిలో మంచం ఎటు వేస్తారు? వెనక గదిలో ఎవరు పడుకుంటారు? తల ఎటు పెడతారు? చేతిలో చిన్న నోటుబుక్కు. తొంగి చూస్తే అందులో మా ఇల్లే! గదులు, తలుపులు, కిటికీలు, అన్నీ పెన్సిలు గీతల్లో ఉన్నాయి. ఆడపడుచు ఇల్లే కళ్ళ ముందు మెదిలింది.

"అవన్నీ నీకెందుకు బాబూ?" అన్నాను.

"ఈ లోపలి గోడలు అర ఇటుకవండీ. లోతుగా గాడి కొడితే గోడ ఆగదు. పైపు పైపైనే ఉంటుంది, అదీ చెయ్యెత్తితే అందే ఎత్తున. మనవాళ్ళు దోమతెర మేకులు కొట్టేది సరిగ్గా ఆ ఎత్తునే కదా. ఆ మేకులు పడే చోట పైపు మీద ఇనప రేకు వేసి పూత పూస్తాను. మేకు రేకుకి తగిలి ఆగిపోతుంది. దోమతెర మేకులు ఎక్కడ కొడతారో చెప్పండి చాలు."

"గోడంతా వేసేయ్ అయితే."

"రేకు మీద పూత నిలవదు అక్కయ్యగారూ. గోడంతా వేస్తే నాలుగు రోజుల్లో ఊడి పడుతుంది. కావలసిన చోటే వేయాలి."

వెనక గదిలో బీరువా ఉంది. అమ్మాయి నగలు అందులో ఉన్నాయి. రేపు పచ్చి బాలింత అక్కడే పడుకోబోతోంది. ఇవన్నీ ఒక పరాయి మనిషి పుస్తకంలోకి ఎక్కడం నాకు ఇష్టం లేకపోయింది.

"మేమందరం మధ్య గదిలోనే పడుకుంటాం. వెనక గది సామాన్లకే. అక్కడ మేకులు కొట్టే పని లేదు" అన్నాను.

అతను తలూపి రాసుకున్నాడు. మధ్య గదిలో నాలుగు చోట్ల రేకులు వేసి, ఒక్కొక్కటీ నాకు చూపించి మరీ పూత పూయించాడు. బాగా తప్పించుకున్నానని నన్ను నేనే మెచ్చుకున్నాను. సున్నాలు వేశాక గోడలు తెల్లగా తేలాయి. పాత మేకుల గుర్తులు కూడా మిగల్లేదు. అబద్ధం సంగతి నేను మర్చిపోయాను.

అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చింది ఆదివారం. తల్లినీ బిడ్డనీ వెనక గదిలో మంచం మీద పడుకోబెట్టి, నేను వంటింట్లో పథ్యం వండుతున్నాను. వెనక నుంచి ఠక్కు ఠక్కుమని సుత్తి చప్పుడు వినిపించింది. మనవడికి దోమలు కుడతాయని మా ఆయన దోమతెర కడుతున్నారు. ఆ చప్పుడుకి నాకు నేను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. "ఆగండి!" అని అరుస్తూ పరిగెత్తాను.

గది గుమ్మం చేరేసరికి ఫ్యాను ఆగిపోతోంది. మా ఆయన కింద కూలబడి కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఉన్నారు. సుత్తి మంచం మీద, పిల్లాడి కాళ్ళకి జానెడు దూరంలో పడి ఉంది. అమ్మాయి బిడ్డని గుండెకి అదుముకుని గోడకి దూరంగా జరిగింది. ముందు ఆ సుత్తి తీసి కింద పెట్టాను. మా ఆయన "ఏం కాలేదు, చెయ్యి తిమ్మిరెక్కిందంతే" అన్నారు. కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చు ఒకటి మెయిన్ దగ్గర ఉంది. దండగ అని నేను ఎంత వాదించినా వినకుండా ఆ పెడన మనిషే పెట్టి వెళ్ళాడు. అది లేకపోతే ఆ రోజు మా ఆయన మాకు దక్కేవారు కాదు.

ఫోను చేస్తే గంటలో వచ్చాడు. మెయిన్ ఆపి, మేకు పీకి, పూత గీకి చూశాడు. మేకు పైపుని చీల్చుకుని వైరులో దిగింది. మా ఆయన కోపంతో ఊగిపోయారు. "బాలింత పడుకునే గది ఇది! మేకు పడే చోట రేకు వేస్తానని చెప్పావట కదా? ఇదేనా నువ్వు చేసిన పని?"

అతను నోటుబుక్కు తీసి, మా ఇంటి పేజీ వెతికి, వేలు పెట్టి చదివాడు. "మధ్య గదిలోనే వేశాను సార్. నేనే తప్పు రాసుకున్నానేమో. క్షమించండి. ఇక్కడ మళ్ళీ చేసిస్తాను" అన్నాడు.

ఊరుకుంటే సరిపోయేది. నిజంగా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ చెయ్యని తప్పుకి అతను తల దించుకుని నిలబడటం చూడలేకపోయాను.

"అతను సరిగ్గానే రాసుకున్నాడు. అడిగితే నేనే అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఎందుకు?" అన్నారు మా ఆయన.

జవాబు నాకు తెలుసు. నాకు తెలియకుండానే నా కళ్ళు బీరువా మీదకి పోయాయి. అతను ఒకసారి నా వైపు చూశాడు, తర్వాత బీరువా వైపు చూశాడు. తెగిన వైరు మార్చి, పైపు అతికి, రేకు బిగించి, దాని మీద తనే పూత పూశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ నేను ఆ గదిలో కూర్చోలేదు.

వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "పూత ఆరాక ఒకసారి చూసుకోవాలి అక్కయ్యగారూ. వచ్చే ఆదివారం వస్తాను. సార్ ఇంట్లో లేకపోతే మాత్రం రాను."