మల్లేశం సార్, రెండు ఇనుప పెట్టెలు

మా పక్క ఫ్లాటు వాళ్ళు హాలుకు ఫాల్స్ సీలింగ్ వేయించుకుంటున్నారు. పొద్దున్నే పనివాళ్ళు వచ్చి తొట్టిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలుపుతారు. ఆ తడి సుద్ద వాసన వరండా దాటి మా వంటింట్లోకి వస్తుంది. మా కోడలు ముక్కు చిట్లించుకుని కిటికీ మూసేస్తుంది. ఆమె అటు వెళ్ళగానే నేను మళ్ళీ తెరుస్తాను. ఆ వాసన పీల్చినంతసేపూ నాకు ఇరవై నాలుగేళ్ళే. సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో ఒక సందు చివర, రేకుల కప్పు కింద, అచ్చు తీయడానికి ఎవరి తొడకో తడి ప్లాస్టర్ పట్టీ చుడుతూ ఉంటాను. వెనక నుంచి మల్లేశం సార్ గొంతు వినిపిస్తుంది: "మెల్లగ బిడ్డా. గోడకు గాదు, మనిషికి ఏస్తున్నవ్."

మల్లేశం సార్ కృత్రిమ కాళ్ళు తయారుచేసేవారు. సైన్యంలో ఉండగా నేర్చుకున్న విద్య అది. ఉద్యోగం నుంచి దిగిపోయాక సొంతంగా వర్క్‌షాపు పెట్టుకున్నారు. పొట్టి మనిషి, తెల్లగా నెరిసిన మీసం, ఇస్త్రీ చొక్కా మీద మరకల ఏప్రాన్. ఫిజియోథెరపీ చదివి, ఆసుపత్రుల చుట్టూ తిరిగి విసిగిపోయి నేను ఆయన దగ్గర చేరాను. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఆఫీసు ఉద్యోగం మీద వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడినవారు. ఆదివారం చర్చి, మిగతా రోజుల్లో పుస్తకాలు, ఇదీ మా ఇల్లు. అబద్ధం ఆడకూడదని, లంచం ఇవ్వకూడదని చిన్నప్పటి నుంచీ విన్నదాన్నే. అయితే విన్నమాట ఒకటి, అది పీకల మీదకు వచ్చినప్పుడు మనిషి ఎలా నిలబడతాడో కళ్ళారా చూడడం ఒకటి. ఆ రెండోది నాకు మల్లేశం సార్ దగ్గరే దొరికింది.

నేను చేరిన ఏడాది వేసవికి ముందు వసంత టీచర్ మా దగ్గరకు వచ్చింది. తిరుమలగిరిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. లారీ ప్రమాదంలో ఎడమ కాలు మోకాలి పైదాకా తీసేశారు. భర్త లేడు, తల్లి ఆమె మీదే ఆధారం. సెలవుల తర్వాత బడి తెరిచే నాటికి నిలబడి పాఠం చెప్పగలిగితే రమ్మన్నారట, లేకపోతే వేరే వాళ్ళను చూసుకుంటామన్నారట. ఆ మాటలన్నీ తల్లే చెప్పింది. టీచర్ మాత్రం గోడ వైపు చూస్తూ కూర్చుంది. కొలతలు తీస్తున్నంతసేపూ తన కాలి వైపు చూడలేదు.

సార్ టేపు చుట్టేసి ఆమె ఎదురుగా పీట మీద కూర్చున్నారు. "టీచరమ్మా, బోర్డు మీద లెక్క జేసేటప్పుడు ఎడమ దిక్కుకెల్లి షురూ జేస్తరు. రాసుకుంట రాసుకుంట కుడి దిక్కు పోతరు. బోర్డు నిండేసరికి ఎన్ని అడుగులు పడతయి?"

"ఎప్పుడూ లెక్కపెట్టలేదండీ," అంది ఆమె.

"లెక్కల టీచర్ అయ్యుండి గదొక్కటి లెక్కవెట్టలేదా?"

ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. తరువాత మొదటిసారి తల దించి, లేని కాలు ఉండాల్సిన చోటును చూసుకుంది.

ఆమెకు కావలసింది మంచి మోకాలి కీలు. అప్పట్లో మాకు దొరికే కీలు బిగిస్తే కట్టెలా బిగుసుకునేది, వదిలితే ఒక్కసారిగా మడుచుకునేది. దానితో బోర్డు ముందు అటూ ఇటూ నడవడం జరిగే పని కాదు. సరిగ్గా ఆ సమయంలో మా చర్చికి పరిచయమున్న ఒక విదేశీ డాక్టరు నుంచి కబురు వచ్చింది. వాళ్ళ ఆసుపత్రిలో కృత్రిమ కాళ్ళ విభాగం మూసేస్తున్నారు. వాడి పక్కన పెట్టిన మోకాలి కీళ్ళు ఎన్నో ఉన్నాయి, వచ్చి వాటిని బిగించే పద్ధతి నేర్చుకుని ఉచితంగా తీసుకుపొమ్మన్నారు. నా ప్రయాణం ఖర్చు చర్చి భరించింది. సార్ తన దాచుకున్న డబ్బుతో బయలుదేరారు. అక్కడ పని నేర్చుకుని, రెండు ఇనుప పెట్టెల నిండా కీళ్ళు సర్దుకుని తిరుగు విమానం ఎక్కాం. దారంతా ఆయన నిద్రపోలేదు. ఏ కీలు ఎవరికి సరిపోతుందో చెబుతూనే ఉన్నారు. వరసలో మొదటి పేరు వసంత టీచర్‌ది.

మన దేశంలో మేం దిగిన విమానాశ్రయం ఏ ఊరిదో రాయను. అక్కడ కస్టమ్స్ బల్ల దగ్గర ఎదురైన అధికారి పేరూ రాయను. ఆయన మన భాషవాడే. మేం మాట్లాడుకోవడం విని తెలుగులో పలకరించేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. పెట్టెలు తెరిపించి ఒక కీలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఇవి వాడేసిన యంత్ర భాగాల్లా ఉన్నాయి మాస్టారూ. వీటికి లైసెన్సు కావాలి."

"కాళ్ళల్ల వెట్టేటియి సార్. కాళ్ళు లేనోళ్ళకు. వీటికి పన్ను లేదు," అన్నారు సార్, ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితం ముందుకు జరుపుతూ.

ఆయన కాగితం చూడలేదు. "కాళ్ళవా, యంత్రానివా అని తేల్చడానికి వారాలు పడుతుంది. పెద్దవారు, మీకెందుకీ తిరుగుడు?" అని గొంతు తగ్గించి నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా. పైవాళ్ళకీ కిందవాళ్ళకీ నేనూ సర్దాలి. ఏదో మీకు తోచింది."

నా చెయ్యి పర్సు మీదికి పోయింది. పర్సు పట్టుకున్న నా చేతి వైపు సార్ ఒకసారి చూసి, ఆయన వైపు తిరిగారు. గొంతు పెంచలేదు, ముఖం చిట్లించలేదు.

"మీరు ఏమడుగుతున్నరో సమజైంది సార్. అదొక్కటి నాతోని గాదు. మిగిలిందేదైనా చెప్పుండ్రి, చేస్త."

"అయితే పెట్టెలు ఇక్కడే ఉంటాయి," అన్నాడాయన.

"ఉండనీయండ్రి. రసీదు ఇయ్యండ్రి. మళ్ళ వస్త."

అలా ఖాళీ చేతులతో సికింద్రాబాద్ రైలెక్కాం. నాకు దుఃఖం, కోపం రెండూ పొంగుకొచ్చాయి. అధికారి మీద ఉన్నంత కోపమూ సార్ మీద ఉంది. "ఇచ్చేస్తే పోయేది కదా సార్. పెట్టెలు ఈపాటికి మన సీటు కింద ఉండేవి. బడి తెరిచే రోజు దగ్గరికొస్తోంది, వసంత టీచర్‌కు ఏం చెబుతారు?" అన్నాను.

ఆయన చేతిలోని రసీదు మడత విప్పి చూశారు. "నేను సుత గదే ఆలోచన చేస్తున్న బిడ్డా," అన్నారు. "నా మొండితనానికి ఆ తల్లి ఉద్యోగం పోతదేమో. గట్లయితే నాది తప్పే అయితది."

ఏదో నీతి వాక్యం చెబుతారనుకున్నాను. చెబితే ఎదురు వాదించాలని సిద్ధంగా కూడా ఉన్నాను. తమకు కష్టం లేకుండా నిజాయితీగా ఉండే మనుషులను చూశాను. ఆయనకు కష్టంగా ఉంది, భయంగా ఉంది, అయినా చెయ్యి జేబులోకి పోలేదు.

ఇంటికి వచ్చాక స్నేహితులు రకరకాల సలహాలు ఇచ్చారు. పేపరుకు ఎక్కించమని ఒకరు, ఢిల్లీకి ఫిర్యాదు రాయమని ఒకరు. సార్ అన్నీ విన్నారు. "రాస్తే ఆయన నౌకరి పోవచ్చు. పెట్టెలు మాత్రం విచారణ అయ్యేదాకా గాడనే పడుంటయి. ముందుగాల పెట్టెలు రానీ," అన్నారు. ఆ తరువాత వర్క్‌షాపు తలుపు వేసుకుని పనిలో కూర్చున్నారు. వసంత టీచర్‌కు తొడ అమరే తొడుగు, పిక్క, పాదం అన్నీ తయారుచేశారు. మోకాలు ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీగా వదిలేశారు.

టీచర్‌కు దాచకుండా అంతా చెప్పారు. ఆమె చంకకర్రలు సర్దుకుంటూ, "ఆయన అనుమానం నా కాలి గురించే కదండీ. నేనూ వస్తాను," అంది. సార్ వద్దన్నారు, దూరమన్నారు. ఆమె వినలేదు.

మళ్ళీ రైలెక్కాం, ఈసారి ముగ్గురం. దిగేముందు సార్ మా ఇద్దరికీ ఒకటే మాట చెప్పారు. "ఆయనను ఒక్క మాట అనొద్దు. మొన్న ఏమడిగిండో అది ఎవ్వరి ముంగట తియ్యొద్దు."

కస్టమ్స్ గోదాము పక్కన చిన్న గదిలో ఆ అధికారి ఒక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే ముఖం గట్టిపడింది. గొడవకు వచ్చామనుకున్నాడు. సార్ నమస్తే పెట్టి, "మొన్న రద్దీల మీకు తీరిగ్గ సూసే టైం దొరకలేదు సార్. గివి కాళ్ళవా, యంత్రానివా అన్నరు. అడిగిన మాట మంచిదే. మీకు అనుమానం తీరాలె గద. టీచరమ్మను తోల్కొచ్చిన. ఒక్క కీలు తెప్పియ్యండ్రి, మీ ముంగట్నే బిగిస్త," అన్నారు.

అధికారి టీచర్ వైపు చూశాడు. చంకకర్రల వైపు చూశాడు. లేచి వెళ్ళి మనిషితో పెట్టెలు తెప్పించాడు. ఆమెకు తన కుర్చీ ఇచ్చాడు. నేను ఆమె చీర అంచు సర్ది, వెంట తెచ్చిన తొడుగు తొడిగాను. సార్ నేల మీద కూర్చుని ఖాళీగా ఉన్న చోట కీలు పెట్టి, స్క్రూలు బిగిస్తూ, వదులు చేస్తూ, మళ్ళీ బిగిస్తూ చాలాసేపు పనిచేశారు. ఒక దశలో పిక్క ముక్కను పట్టుకోవడానికి ఆయనకు చెయ్యి చాలలేదు. నేను వంగేలోపే ఆ అధికారి వంగి పట్టుకున్నాడు.

"ఇగ లెవ్వు తల్లీ," అన్నారు సార్.

వసంత టీచర్ నా భుజం పట్టుకుని లేచింది. కొత్త కాలి మీద బరువు వేయడానికి భయపడింది. తరువాత వేసింది. నా భుజం మీద చెయ్యి నెమ్మదిగా తేలికైంది, ఆపైన తీసేసింది. గోడ వెంబడి ఎడమ నుంచి కుడికి, ఒక్కొక్క అడుగే వేస్తూ గది చివరిదాకా నడిచింది. అక్కడ గోడకు చెయ్యి ఆనించి, మా వైపు తిరగకుండా అలాగే నిలబడిపోయింది. ఏడుస్తోందని ఆమె వీపు చూస్తే తెలిసింది.

అధికారి బల్ల దగ్గరికి వెళ్ళి కాగితాలు తీసి సంతకం పెట్టాడు. వాటిని అందిస్తూ సార్ ముఖంలోకి చూడలేకపోయాడు. "మాస్టారూ, మొన్న నేను..." అని ఆగిపోయాడు.

"మొన్న మస్తు రద్దీ ఉండె సార్," అన్నారు మల్లేశం సార్. "ముసలోడొకడు తల తింటుంటే ఇచ్చేసిన అని మీ పైవాళ్ళకు చెప్పుండ్రి. మా పేషెంట్లు ఇంకా ఉన్నరు. పెట్టెలు మళ్ళ వస్తే మీ తానకే వస్తం."

బయటికి వచ్చి రోడ్డు పక్క చాయ్ బండి దగ్గర పెట్టెలు దింపుకున్నాం. సార్ ఒక పెట్టె మీద కూలబడ్డారు. గ్లాసు అందుకోబోయారు. చాయ్ చొక్కా మీద ఒలికింది. "మస్తు భయమైంది బిడ్డా," అని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన్ని చూసి టీచర్, ఆమెను చూసి నేను, దారినపోయేవాళ్ళు ఆగి చూసేంతగా నవ్వాం. ఎన్నాళ్ళుగానో గుండె మీద ఉన్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. రైల్లో ముగ్గురం ఆదమరచి నిద్రపోయాం. బడి తెరిచిన రోజు సాయంత్రం వసంత టీచర్ నేరుగా వర్క్‌షాపుకు వచ్చింది. వేళ్ళకు సుద్దపొడి అలాగే ఉంది. "బోర్డు నిండా రాశానండీ," అంది. అంతే అంది. సార్ లేచి ఆమెకు పీట వేశారు.

ఆ అధికారి ఆ తరువాత మారాడో లేదో నాకు తెలియదు. మారాడని రాస్తే కథకు బాగుంటుంది గానీ, చూడనిది రాయలేను. మల్లేశం సార్ మరికొన్నేళ్ళు పనిచేసి, ఒక చలికాలం అనారోగ్యంతో పోయారు. వర్క్‌షాపు నేను నడిపించాను. ఆ పనిలో ఉన్నన్నాళ్ళూ ఏదో ఒక కౌంటర్ దగ్గర ఏదో ఒక చెయ్యి ముందుకొచ్చేది.

ఒకసారి విదేశం నుంచి రావలసిన పాదాల పార్సిల్ ఆపేసి, ఒక కుర్ర ఆఫీసరు డబ్బు సంగతి పైకి అనలేక నీళ్ళు నమిలాడు. ఎవరికి చెప్పాలో నాకప్పటికి తెలుసు, గట్టిగా అరవడమూ వచ్చు. చుట్టూ జనం ఉన్నారు, అరిస్తే అతని పరువు అక్కడికక్కడే పోయేది. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "అది నావల్ల కాదు బాబూ. మీకు తీరిక చిక్కేదాకా కూర్చుంటాను, అనుమానాలేమైనా ఉంటే అడగండి, చెబుతాను," అన్నాను. సాయంత్రానికి అతను అనుమానాలు అడిగాడు. చెప్పాను. పార్సిల్ ఇచ్చాడు.

కాదనడం ఎవరైనా నేర్చుకోవచ్చు. కాదన్నాక ఎదుటి మనిషి వెనక్కి తిరిగి వెళ్ళడానికి ఒక దారి వదలాలని మల్లేశం సార్ ఎన్నడూ నోటితో చెప్పలేదు, నేను చూసి నేర్చుకున్నదే. కొన్ని నెలల తరువాత మారేడ్‌పల్లి మార్కెట్లో ఆ కుర్ర ఆఫీసరు ఎదురయ్యాడు. పక్కన భార్య ఉంది. అతను తప్పుకుపోలేదు. ఆగి నమస్తే పెట్టి, "ఈ మేడమ్ కాళ్ళు తయారు చేస్తరు," అని ఆమెకు చెప్పాడు. ఆమె అర్థంకాక నా ముఖంలోకి చూసింది. అవునమ్మా అన్నాను.