అరపావు, అరా పావూ

ఈ ఉదయం దిబ్బరొట్టెని మూకుడులోంచి పళ్లెంలోకి బోర్లించానో లేదో, స్కూలు బట్టల్లో వచ్చి నిలబడిన మా మనవరాలు "నాకు అరా, పావూ చాలు నానమ్మా" అంది. అరా అన్నచోట ఒకసారి, పావూ అన్నచోట ఇంకోసారి ఆగి, రెండింటికీ రెండు వేళ్లు చూపించి మరీ అంది. గుమ్మం దగ్గర పేపరు చదువుకుంటున్న మా ఆయన తల ఎత్తకుండానే నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ పళ్లెంలో ఒక మాత్రా, పక్కన బ్లేడూ కనిపిస్తాయి.

రెండేళ్ల కిందటి వానాకాలం సంగతి. అప్పుడది నాలుగో తరగతి. స్కూల్లో భిన్నాలు మొదలుపెట్టారు. రెండో వంతు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అంటే ఎనిమిదో వంతే అని రాసి వచ్చింది. ఎందుకే అనడిగితే "ఎనిమిది బడా హై నా, నానమ్మా!" అని నా తెలివితక్కువతనానికి అదే జాలిపడింది. భిలాయిలో పుట్టిన పిల్ల, తెలుగులో ఎక్కి హిందీలో దిగుతుంది. ఆ లెక్కల పరీక్ష అనగానే దానికి కడుపునొప్పి వచ్చేది. మా కోడలు రంగు కాగితాలు కొని, ముక్కలు కత్తిరించి నేర్పుదామంది. నేను చదివింది మూడో తరగతే గానీ, లెక్క కోసం కాగితాలు తగలేయడం నాకు గిట్టదు. రొట్టె అయితే నేర్చుకున్నాక తినేయొచ్చు.

దిబ్బరొట్టె వేసి, "నీకు రెండో వంతు కావాలా, ఎనిమిదో వంతు కావాలా?" అన్నాను. ఎనిమిదో వంతు అంది ఆశగా. రొట్టెని సగం చేశాను, సగాన్ని పావులు చేశాను, పావుని మళ్లీ రెండు చేసి ఆ సన్నపాటి ముక్క దాని కంచంలో పెట్టాను.

"ఇదేంటి నానమ్మా, ఇంతేనా, ఇత్నా సా?"

"నువ్వడిగిందే. మన వేపు దీన్ని అరపావు అంటాం. పావులో అర."

ఇంకా పెట్టమని కళ్లనీళ్లు పెట్టుకుంది. పెట్టలేదు. మర్నాడు అదే నోటితో రెండో వంతు అడిగింది. ఇంకో రోజు రెండు పావులు తెచ్చి సగం ముక్క మీద పరిచి చూపించాను. పేర్లు వేరైనా కడుపుకి రెండూ ఒకటే అని చెప్పాను. అర్థమైందో లేదో, తిని వెళ్లిపోయింది.

ఆ రోజుల్లోనే మా ఆయనకి కాలి నరంలో రక్తం గడ్డ కట్టింది. స్టీలు ప్లాంటులో నిప్పుల ముందు అంతకాలం నిలబడి, రిటైరై ఇంట్లో కూర్చున్నాక వచ్చింది. రక్తం పలచబడే మాత్ర ఇచ్చారు. తక్కువైతే మళ్లీ గడ్డ కడుతుందని, ఎక్కువైతే లోపలెక్కడో రక్తం కారుతుందని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఆ మాత్రని ముట్టుకోవాలంటేనే నాకు భయం. రోజూ దీపాలవేళకి పళ్లెంలో పెట్టి బ్లేడుతో సగం కోసి ఇచ్చేదాన్ని. మిగతా సగం మర్నాటికి. రక్తం పరీక్ష చేయించినప్పుడల్లా కొలత మారవచ్చన్నారు.

ఆ రోజు కోడలు చరోదాలో వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది. అబ్బాయిది సెకండ్ షిఫ్ట్. పోతూ పోతూ డాక్టరుకి రిపోర్టు చూపించి, ప్లాంటు గేటు దగ్గర్నుంచి ఫోను చేశాడు. నా చేతులకి పిండి ఉంటే పిల్ల ఎత్తింది. "నానమ్మా, డాక్టర్ అంకుల్ దవాయి పెంచమన్నారట. ఈరోజు నుంచి అరపావు ఇవ్వాలంట, డాడీ చెప్పారు" అంది. సరేనన్నాను. అరపావు నాకు కొత్త మాటా ఏమన్నా!

దీపాలవేళకి మాత్ర పళ్లెంలో పెట్టాను. అర చేశాను, పావు చేశాను, పావుని మళ్లీ కోస్తుంటే సగం పొడైపోయింది. ఇంత చిన్న మాత్రని ఇలా ముక్కలు చేసి ఇమ్మంటారా అని విసుక్కుంటూనే ఆ తునకని వేలికి అద్దుకున్నాను.

"నానమ్మా, రుకో."

"ఏటే? పెద్దోళ్ల పనిలో వేలెట్టకు."

"నిన్న తాతయ్యకి హాఫ్ ఇచ్చావు కదా. డాక్టర్ పెంచమన్నారు కదా. ఇది... ఇది రొట్టెలో నాకు పెట్టిన ముక్క కదా. హాఫ్ కంటే చోటా!"

నా వేలు గాల్లోనే ఆగిపోయింది. నిజమే. పెంచమన్న మాటైనా తప్పవ్వాలి, అరపావన్న మాటైనా తప్పవ్వాలి. ఏది తప్పో మా ఇద్దరికీ తెలియదు. అబ్బాయికి చేస్తే ఫోను ఆఫ్. లోపల పనిలో ఉంటే అంతే. డాక్టరు నంబరు వాడి దగ్గరే ఉంది. బయట వాన. మంచం మీంచి మా ఆయన "ఏటే, మాత్ర ఇత్తావా, నన్నూ నాలుగో తరగతిలో కూకోబెడతావా?" అని కేకేశారు. తప్పు ఇస్తే ఏమవుతుందో, ఇవ్వకపోతే ఏమవుతుందో, రెండూ కళ్లముందు తిరుగుతున్నాయి. పిల్ల మొహం పరీక్ష నాడు ఉన్నట్టే పాలిపోయింది. "నేనే గలత్ విన్నానా నానమ్మా?" అని గొణిగింది. నాకు ఓదార్చడం రాదు. చెయ్యి పట్టుకుని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరం ఆ పళ్లేన్నే చూస్తూ కూర్చున్నాం.

షిఫ్టు మధ్యలో టీకి బయటికొచ్చినప్పుడు అబ్బాయే ఫోను చేశాడు.

"ఒరే, అరపావేట్రా?"

"అరపావని ఎవరన్నారమ్మా! అరా, పావూ! అర ముక్కా, పావు ముక్కా కలిపి. ముప్పావు!"

గేటు దగ్గర లారీల మోతలో ఒక దీర్ఘం ఎక్కడో జారిపోయింది. అంతే. నేను చెయ్యి చాపేలోపే పిల్ల అర ముక్కని, దాని పక్కన పావు ముక్కని జరిపింది. "హాఫ్ అంటే రెండు పావులు. ఇంకోటి కలిపితే మూడు. త్రీ బై ఫోర్. ఇది హాఫ్ కంటే బడా. అబ్ ఠీక్ హై" అంది. గుటక వేశాక మా ఆయన "ఇంత లెక్క కట్టిన మాత్ర, పని చెయ్యకపోతే ఊరుకోను" అన్నారు. పొడైన తునకలు పళ్లెంలో మిగిలాయి. చారెడు చింతపండు పిప్పి కూడా పారేయని నేను, వాటిని సింకులో కడిగేశాను. మర్నాడు అది అడక్కుండానే సగం రొట్టె దాని కంచంలో వేశాను.

పరీక్షంటే దానికి కడుపునొప్పి ఆ తర్వాతా వచ్చింది. ఆయన మాత్ర ఇప్పుడు మళ్లీ అరకి దిగింది. ఈ ఉదయం అడిగినట్టే అరా, పావూ కోసి పెట్టాను, తినేసి బస్సుకి పరిగెత్తింది. దాని వయసుకి ఈ రెండేళ్లూ పెద్ద ముక్కే, డెబ్బై దాటిన నాకు అరపావైనా కాదు. ఫోను మోగేదాకా పళ్లెం ముందు కూర్చున్న ఆ కాసేపు మాత్రం మా ఇద్దరి ఆయుష్షులోనూ ఒకే కొలతన పడింది.