సూర్యకళ గారి రవిక ముక్కల పెట్టె

ఇరవై ఏళ్లు నేను సూర్యకళ గారి మీద మండిపడుతూనే బతికాను. పెనుగొండ బస్టాండు పక్కన నాది చిన్న రక్తపరీక్షల ల్యాబు. ఆవిడది మూడు కిలోమీటర్ల అవతలి ఊరు. ఆదివారం తెల్లారేసరికి ఆవిడ వాకిట్లో జనం పరగడుపున బారులు తీరేవారు, కామెర్ల పసరు కోసం. నేలఉసిరి నూరి మజ్జిగలో కలిపి ఇచ్చేది. ఉప్పు, నూనె మానిపించేది. పైసా ముట్టేది కాదు. కళ్లు తెల్లబడ్డాక మాత్రం రోగి ఒక రవిక ముక్క తెచ్చి ఇవ్వాలి. అది వాళ్ల అత్తగారి నాటి ఆనవాయితీ. ముక్క పెట్టెలో పడిందంటే రోగం పోయినట్టే.

నా మంట అక్కడే. చాలా కామెర్లు వాటంతటవే తగ్గుతాయి. హెపటైటిస్‌ బి అయితే, పచ్చదనం పోయినా కొందరిలో వైరస్‌ కాలేయంలోనే కాపురం పెడుతుంది. ఒకసారి రక్తం పరీక్ష చేయించి పంపండమ్మా అని కబురు పెట్టాను. "వీరబాబు గారి సూదులు అమ్ముడుపోవాలి కాబోలు" అందట. ఊరంతా నవ్వుకుంది.

పోయినేడు ఆవిడే నా ల్యాబు మెట్లెక్కింది. మనిషి సగమైపోయింది. కుడి డొక్కలో నొప్పి. రక్తంలో హెపటైటిస్‌ బి కనబడింది. కాకినాడలో స్కాన్‌ తీస్తే కాలేయంలో గడ్డ, క్యాన్సర్‌. అక్కడి క్యాన్సర్‌ డాక్టరు దగ్గరికి నన్ను తోడు రమ్మంది. నేనెందుకండీ అంటే, "మీరైతే జాలిపడరు" అంది.

డాక్టరు ఉమాశ్రీ గారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. "మీ రక్తంలో కాపలా కణాలుంటాయమ్మా. అవి ఆ వైరస్‌తో ఏళ్ల తరబడి పోట్లాడాయి. ఆ పోట్లాటలో కాలేయమే దెబ్బతిని గట్టిపడింది, అక్కడే గడ్డ లేచింది. ఇప్పుడు ఆ కణాల్లో కొన్ని అలిసిపోయి ఊరుకున్నాయి. కొన్నయితే గడ్డ వైపు చేరి, దాడి చేసేవాటిని ఆపుతున్నాయి, గడ్డ పెరగడానికి సాయం చేస్తున్నాయి."

"అంటే తూము దగ్గర మనం పెట్టిన కాపలావాడే పక్కవాళ్ల చేలోకి నీళ్లు వదులుతున్నాడన్నమాట" అంది సూర్యకళ గారు.

డాక్టరు గారు నవ్వేశారు. గడ్డ ఆ కణాలకు వేసిన బ్రేకు తీసే ఇంజెక్షన్‌ ఉందని, మూడు వారాలకొకసారి ఇస్తామని, అందరికీ పనిచేస్తుందని మాత్రం చెప్పలేమని అన్నారు. పసరు చుక్క కూడా తాగొద్దన్నారు. చివర్లో ఇంకో మాట అన్నారు. "ఇది తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. ముందు మీ అమ్మాయికి పరీక్ష చేయించండి."

అమ్మాయి హారతి తునిలో టీచరు. ఇంటర్‌లో కామెర్లు వస్తే తల్లి పసరే తాగింది, రవిక ముక్కా ఇచ్చింది.

మరుసటి ఆదివారం సూర్యకళ గారు వాకిట్లో నిలబడి, "ఇక పసరు లేదు, అందరూ ముందు రక్తం పరీక్ష చేయించుకోండి" అని చెప్పేసింది. "మీ పసరు మీరే తాగరేంటండీ?" అని ఎవరో దెప్పారు. ఆవిడ లోపలికి పోయి పెట్టె తెరిచింది.

ఏ ముక్క ఎవరు తెచ్చారో ఆవిడకు నోటికి వచ్చు. ఒక్కొక్కటే తీసి, ఫోన్‌ చేసి, రానివాళ్ల ఇంటికి ఆటోలో వెళ్లి, నా దగ్గరికి తోలుకొచ్చేది. "నయమైనవాణ్ణి మళ్లీ రోగిని చేస్తారా?" అని భీమరాజు అనే రైతు కేకలేశాడు. "తప్పు నాదే, చెయ్యి మాత్రం మీదివ్వండి" అంటూ అతని అరుగు మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఇంజెక్షన్‌ వేయించుకున్న మర్నాడు కూడా ఒళ్లంతా దురదతో వచ్చింది. అది ఆ మందు వల్లే కావచ్చు, దాచొద్దని నేను కసిరి, అప్పటికప్పుడు డాక్టరు గారికి ఫోన్‌ చేయించాను. నాలుగు నెలల్లో నూట పదమూడు మందికి పరీక్షలు చేశాను. తొమ్మిది మందిలో వైరస్‌ దొరికింది. ఇరవై ఏళ్ల కోపం నాకు ఎక్కడ పోయిందో తెలియదు.

ఒక్క ఆకుపచ్చ ముక్కను మాత్రం ఆవిడ ప్రతిసారీ అడుక్కి తోసేది. అది హారతిది. చివరికి నాకు ఒళ్లు మండింది.

"ఊళ్లన్నీ తిరుగుతారు, తుని వెళ్లరేంటండీ?"

"నా కడుపులోంచే దానికి వచ్చిందని తేలితే, దాని మొహం ఎలా చూడనండీ?" అని ఏడ్చింది.

"మీ కాలేయంలో ఏళ్లపాటు ఏం జరిగిందో విన్నారుగా. అమ్మాయిలో ఆ పోట్లాట ఇప్పుడిప్పుడే మొదలవుతుంటే?" అన్నాను.

కళ్లు తుడుచుకుని లేచింది. మర్నాడే తుని వెళ్లి కూతుర్ని తీసుకొచ్చింది. హారతి రక్తంలో వైరస్‌ ఉంది. కాకినాడలో చూశారు. కాలేయం ఇంకా బాగానే ఉంది, గడ్డ లేదు. రోజూ మాత్ర, ఆరునెలలకొకసారి స్కాన్‌ అన్నారు. ఆ రోజే తల్లి స్కాన్‌ రిపోర్టు కూడా వచ్చింది. గడ్డ కొంచెం తగ్గింది.

తిరిగొచ్చాక హారతి పెట్టె అడుగు నుంచి ఆ ఆకుపచ్చ ముక్క తీసి తన బ్యాగులో పెట్టుకుంది.

"రోగం పోలేదుగా అమ్మా, ఇది నాదే. వైరస్‌ అదుపులోకి వచ్చిందని డాక్టరు గారు చెప్పిన రోజున మళ్లీ తెస్తాను. పుచ్చుకోవడానికి నువ్వుండాలి."

సూర్యకళ గారు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, నా వైపు తిరిగి, వచ్చే ఇంజెక్షన్‌ ఏ తారీఖో అడిగింది.