మంటోడూ, నాన్న బొటనవేలూ

భుజం పట్టేసి చెయ్యి తలదాకా లేవకపోతుంటే మొన్న అనకాపల్లిలో ఫిజియోథెరపీకి వెళ్ళాను. అక్కడి అమ్మాయిది నా చిన్నకూతురి ఈడు. రబ్బరుతాళ్ళు లాగించడం అయ్యాక నన్నొక టీవీ ముందు నిలబెట్టి, చేతికి చిన్న రిమోట్‌లాంటిదొకటి ఇచ్చి, తెరమీద పైనుంచి దిగే బుడగల్ని దానితో పగలగొట్టమంది. వ్యాయామం అనుకుంటే నొప్పి తెలుస్తుందట, ఆట అనుకుంటే తెలియదట. నాలుగు బుడగలు పగలగొట్టానో లేదో కళ్ళనిండా నీళ్ళొచ్చేశాయి. నొప్పెడుతోందనుకుని ఆ అమ్మాయి కంగారుపడి ఆపేసింది. నొప్పి కాదని ఆమెకు చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యే వయసు కాదు. టీవీ యాంటెనా తిప్పడానికి మేడెక్కి, కింద ఉన్నవాళ్ళు "ఆఁ, వచ్చింది" అనేదాకా ఎండలో నిలబడ్డ రోజులు గుర్తున్నవాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మాది చోడవరం. నాన్న బెల్లం వండేవాడు. చెరకు ఆడే నెలల్లో వడ్డాది, బుచ్చయ్యపేట వైపు రైతులు ముందుగానే మాట్లాడుకుని నాన్నను పిలుచుకుపోయేవారు. పొయ్యిలో పిప్పి ఎగదోసేవాళ్ళూ, పెనంలో రసం కలిపేవాళ్ళూ ఎవరైనా దొరుకుతారుగానీ, పాకం ఎప్పుడు దించాలో చెప్పేవాడు దొరకడం కష్టం. ఒక్క నిమిషం ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఒక్క నిమిషం ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. నాన్న మరిగే పెనంలోంచి ఒక చుక్క తీసి చన్నీళ్ళలో వేసి, దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండచేసి చూసి, "దించీండి" అనేవాడు. అంతే, ఇంకెవరూ మాట్లాడేవారు కాదు. వేళ్ళతో బతికిన మనిషి.

తొంభైల మధ్యలో, నేను ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతుండగా, ఒక జనవరి చివర్లో పెనం దించుతున్నప్పుడు అవతలివైపు పట్టుకున్న మనిషి కాలు జారింది. పెనం ఒరిగి పాకం నాన్న రెండు చేతులమీదా పడింది. నీళ్ళు పడితే జారిపోతాయి, పాకం అలా కాదు, పట్టుకుని వదలదు. విశాఖలో పెద్దాసుపత్రిలో రెండునెలలు ఉంచి, తొడమీది చర్మం తీసి చేతులకు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు అమ్మనూ నన్నూ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. ఈ కొత్త చర్మం ముడుచుకుపోయే గుణం కలది, రోజూ కదిలించకపోతే వేళ్ళు అరచేతిలోకి వంగి అలాగే ఉండిపోతాయి, నొప్పెట్టినా కదిలించాలి. పిసకడానికి ఒక రబ్బరుబంతి కూడా ఇచ్చాడు.

నాన్న ఆ బంతిని ముట్టుకోలేదు. వరండాలో నులకమంచంమీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అమ్మ అన్నం కలిపి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అమ్మ ప్రార్థన చేసి బతిమాలేది, నేను ఏడ్చి బతిమాలేదాన్ని. బంతి పిసికితే బెల్లం వస్తాదా అని ఒకసారి అన్నాడు, తరవాత అదీ అనడం మానేశాడు.

అమ్మకు తమ్ముడు, మా చిన్నమావయ్య, విశాఖలో రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. ఆ వేసవిలో ఎవరో వదిలేసిన వీడియోగేమొకటి బాగుచేసి తెచ్చి మా బ్లాక్ అండ్ వైట్ టీవీకి తగిలించాడు. ఒకే ఒక్క క్యాసెట్ ఉండేది. అందులో కత్తి పట్టుకున్న మనిషొకడు చీకటి కోటలోకి వెళ్తాడు. ఆ కోట మాకు కోటలా కనిపించలేదు. సూదిలాంటి గోపురాలు, రంగుటద్దాల కిటికీలు, పైన సిలువ ఉండటం చూసి మాకది విశాఖలో చూసిన పాతకాలం చర్చిలా అనిపించింది. లోపల మాత్రం గబ్బిలాలూ, నడిచే ఎముకలగూళ్ళూ ఉండేవి. మూడు గదులు దాటాక నేల రెండుగా చీలి, మంటల గుంటలోంచి కొమ్ములున్న రాక్షసుడు లేచేవాడు, చర్చిలో పీఠం వెనక ఉండే కిటికీ అంత ఎత్తు, ఒళ్ళంతా మంట. ఇంగ్లీషులో వాడి పేరేమిటో మాకు తెలియదు, మేం మంటోడు అనేవాళ్ళం.

చిన్నమావయ్య ఆడుతూ వాడి చేతిలో కాలిపోయినప్పుడల్లా నవ్వేవాడు. మూడోసారి కాలిపోయినప్పుడు నాన్న మంచంమీద ఇటు తిరిగాడు. రంగుల్లేని మా టీవీలో ఆ మంట తెల్లగా కనిపించేది. దానివంక చాలాసేపు చూసి, "తెల్లమంటే ఎక్కువ కాలుస్తాది. ఇలాగియ్యి, నాను సూస్తాను" అన్నాడు. నెలల తరవాత నాన్న తనంతట తను అడిగిన మొదటి వస్తువు, ఆట ఆడే ఆ బొత్తాల రిమోట్.

మొదట్లో బొటనవేలు బొత్తాన్ని అందుకునేది కాదు, అరచేతి అంచుతో నొక్కేవాడు. మొదటిగదిలో గబ్బిలమే చంపేసేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చుంటే పొద్దువాలేదాకా లేచేవాడు కాదు. కరెంటు పోతే ఆట మొదటికొచ్చేది, అయినా విసుక్కోకుండా కరెంటు కోసం కాచుకుని కూర్చునేవాడు. అమ్మకు మాత్రం ఆ ఆట మొదట సహించలేదు. సిలువ ఉన్న ఇంట్లోకి సాతానెలాగొచ్చేడని అడిగితే, ఆడెక్కడికైనా వస్తాడని నాన్న తెరమీంచి చూపు తిప్పకుండా జవాబిచ్చాడు. తరవాత అమ్మే పక్కన చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుని, ఎడంపక్క నుంచి వస్తన్నాడని నాన్నకు చెప్పడం మొదలెట్టింది.

ఆగస్టుకల్లా నాన్న మూడు గదులూ దాటగలిగాడు. మంటోడి ముందు నిలబడటం, కాలిపోవడం, మళ్ళీ మొదలుపెట్టడం. ఈలోగా మాకు తెలియకుండానే ఆయన చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడు, గ్లాసు ఒక్కచేత్తో ఎత్తుతున్నాడు. పరీక్షకు వెళ్ళినప్పుడు వేళ్ళు చూసి డాక్టరు సంతోషపడి, బంతి బాగా పిసుకుతున్నావన్నమాట అంటే నాన్న తలూపాడు. ఇంటికొచ్చాక ఆ మాట చెప్పి అమ్మ నవ్వింది. ఆ ఏడాది అమ్మ నవ్వడం అదే మొదలు. సెప్టెంబరులో వడ్డాది రైతొకాయన పలకరించడానికి వచ్చి, ఈసారి పాకం చూడటానికి ఎవరిని పెట్టుకోమంటావని మొహమాటంగా అడిగితే, "ఈ ఏడు నానే వస్తాను" అన్నాడు నాన్న.

ఇక నా సంగతి చెప్పాలి. నాన్న పరీక్షకు ఆసుపత్రికి వెళ్ళిన రోజుల్లో నేనొక్కదాన్నే ఆ ఆట ఆడేదాన్ని. పదిహేడేళ్ళ వేళ్ళు కదా, అలా నాలుగైదుసార్లు ఆడేసరికే మంటోణ్ణి చంపేశాను. వాడు లేచేముందు ఎడంవైపు స్తంభం కింద నక్కితే మంట తగలదు, వాడు దూకిన ప్రతిసారీ రెండు దెబ్బలు వెయ్యొచ్చు. కిటుకు అమ్మకు చెప్పి, నాన్నకు చెప్పనా అని అడిగాను. అమ్మ చేతిలో పని ఆపి నావైపు తిరిగింది. "సెప్పకు. ఆయన్నే తెలుసుకోనీ" అంది. చదువులేని మా అమ్మకు అర్థమైన విషయం ఇంటర్ చదువుతున్న నాకు అర్థం కాలేదు.

అక్టోబరులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నమావయ్య వచ్చాడు. ఇరుగుపొరుగు నలుగురైదుగురు గుమ్మందగ్గర చేరారు. ఆవేళ నాన్న ఎప్పుడూ ఆడనంత బాగా ఆడాడు. ఎడంవైపు స్తంభం సంగతి తనంతట తనే కనిపెట్టేశాడు. మంటోడి ప్రాణం చూపించే గళ్ళు ఒక్కొక్కటే ఆరిపోయి చివరికి ఒక్కటి మిగిలింది. అప్పుడు నాన్న బొటనవేలిమీది కొత్త చర్మం చిట్లింది. రిమోట్‌మీద రక్తం తడి కనిపించింది. వేలు బొత్తాం మీంచి జారింది, మళ్ళీ జారింది, మంట దగ్గరకొస్తోంది, గుమ్మందగ్గర అందరూ ఒక్కడుగు ముందుకొచ్చారు. మళ్ళీ కాలిపోతాడు, మళ్ళీ అందరిముందూ కాలిపోతాడు అన్న ఒక్క ఆలోచనే నాకు తోచింది. రిమోట్ నాన్న చేతుల్లోంచి లాక్కున్నాను. రెండు దెబ్బలు. మంటోడు కూలిపోయాడు.

చిన్నమావయ్య ఈలవేశాడు. గుమ్మందగ్గరవాళ్ళు చప్పట్లు కొట్టారు. తెరమీద మంటలు చల్లారి పైకి వెళ్ళే మెట్లు కనిపించాయి. నాన్న మెట్లవైపు చూశాడు, తరవాత ఖాళీగా ఉన్న తన చేతులవైపు చూసుకున్నాడు, ఆ చేతులింకా రిమోట్ పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. "బాగా కొట్టేవమ్మా" అన్నాడు. కోపం లేదు. కోపం ఉంటే ఈరోజు నాకింత బరువుండేది కాదేమో. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. వెనుదిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేనే టీవీ పెట్టి, రిమోట్ తుడిచి, నాన్న ఒళ్ళో పెట్టాను. తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ మొదటినుంచి ఆడొచ్చు నాన్నా, వాడు మళ్ళీ లేస్తాడు, నేను దగ్గరకి కూడా రాను అని బతిమాలాను.

"సచ్చిపోయినోడితో ఏటి యుద్ధం? నువ్వు కొట్టీసేవు గదమ్మా, ఇంకేటుంది అందులో" అని గోడవైపు తిరిగాడు.

ఇక తిరగలేదు. వారం గడిచింది, నెల గడిచింది. బంతి తీసుకెళ్ళి చేతిలో పెడితే ఎప్పుడో జారి మంచంకింద పడి ఉండేది. నేనే ఆయన వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటీ చాపబోతే, నొప్పంటాడేమోనని చూసేదాన్ని, అదైనా అనేవాడు కాదు. క్రిస్మస్‌కి చొక్కా బొత్తాలు అమ్మ పెట్టింది. జనవరిలో వడ్డాది రైతు మాట గౌరవించి బండి పంపితే వెళ్ళాడు, సాయంత్రానికే తిరిగొచ్చాడు. చన్నీళ్ళలోంచి తీసిన పాకం చుక్కను రెండు వేళ్ళమధ్య ఇరికించడానికి మూడుసార్లు ప్రయత్నించాడని, మూడోసారి అది నేలమీద పడిందని, తోడు వెళ్ళిన చిన్నమావయ్య అమ్మకు చెబుతుంటే విన్నాను. పెనం దించమని చెప్పింది ఇంకెవరో. ఆ తరవాత మా ఇంట్లో ఎవరూ పాకం మాట ఎత్తలేదు.

వేళ్ళు బాగా కదిలినా, అరువు చర్మానికి ఆ పాత స్పర్శ వచ్చేదో రాదో నాకు తెలియదు. ఫిజియోథెరపీ అమ్మాయినీ అడగలేదు. రాదని చెబితే నాకు ఊరట దొరుకుతుంది, దాన్ని తీసుకునే అర్హత నాకుందో లేదో తేల్చుకోలేకపోయాను. నాన్న ఇంకో పదకొండేళ్ళు బతికాడు. అన్నం అమ్మ చేత్తోనే తిన్నాడు. పోయినరోజు పెట్టెలో పడుకోబెట్టి, ఛాతీమీద చేతులు ఒకదానిమీద ఒకటి పెట్టబోతే వేళ్ళు చాపుకోలేదు. పాస్టరుగారు రెండుసార్లు సర్ది వదిలేశారు. అమ్మ తన పైటకొంగు చించి ఆ పిడికిళ్ళమీద కప్పింది. ఆ ఆదివారం గురించి అప్పుడూ మాట్లాడలేదు, తను పోయేదాకా ఎన్నడూ మాట్లాడలేదు. ఒక్కమాట తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు వడ్డాది దారిలో బస్సులో వెళ్తుంటే చెరకుతోటలున్న చాలాచోట్ల సరుగుడుతోపులు కనిపిస్తాయి. జనవరిలో కిటికీ తెరిస్తే ఊరినిండా వచ్చే ఆ పాకం వాసన రాదు. అక్కడక్కడ మిగిలిన గానుగల్లోనూ పాకం కాకెంతో ఏదో మీటరు పెట్టి చూస్తున్నారట. వేలితో చుక్క ఉండచేసి చూసేవాళ్ళు లేరు, ఉన్నా ఎవరూ వాళ్ళకోసం బండి పంపరు. ఇప్పుడు నాకు ఓపిక వచ్చింది. ఎవరైనా తడబడుతుంటే, పదిసార్లు పడి లేస్తుంటే, చేతులు కట్టుకుని ఎంతసేపైనా చూస్తూ కూర్చోగలను. ఆ ఓపిక నాకు కావలసింది ఒకే ఒక్క మధ్యాహ్నం, నిండా పది క్షణాలు కూడా కాదు.