చెరపని పెన్సిల్ గుర్తు

టైపు కాక చనిపోయాడన్న కబురు పోయిన శుక్రవారం పొద్దున వచ్చింది. సెలవురోజు కదా అని రూమ్‌లోవాళ్ళు ఆయనను లేపలేదట. టీ కలిపి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిందన్నారు. ఊళ్ళో భార్యకు ఫోన్ చేసి చెప్పడానికి అందరూ వెనకాడితే చివరికి మా నాన్నే చెప్పారు. నాన్న ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, అల్ మవాలేలోని ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్. కాక అదే కంపెనీ ఆఫీసులో టైపిస్టు.

కరీంనగర్ వైపు పల్లె నుంచి ఇటుకలు మోసే పనికి వచ్చినవాడు. మధ్యాహ్నం అన్నం వేళ ఆఫీసులోని పాత టైపు మిషను ముందు కూర్చుని, కుడిచేతి రెండు వేళ్ళతో టైపు నేర్చుకున్నాడు. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చాక కూడా సైట్‌లోని మనవాళ్ళంతా తమ కాగితాలకు కాక మిషను దగ్గరికే వెళ్ళేవారు. సెలవు చీటీ, ఇంటికి ఉత్తరం, వీసా ఫారం, ఏదైనా సరే. సంతకం చేయాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టి ఇచ్చేవాడు. వాళ్ళు సంతకం చేశాక ఆ గుర్తును రబ్బరుతో చెరిపి, కాగితాన్ని ఉఫ్‌మని ఊదేవాడు. ఒకసారి ఒక మేస్త్రీ ఆ గుర్తు మీదే పెన్నుతో మళ్ళీ ఇంటూ గీశాడు.

"సంతకం పెట్టుమంటె ఇంటూ కొట్టినవేందిరా? నీ లగ్గం పత్రిక మీద గూడ గిట్లనే కొట్టినవా?"

"కొట్టుంటె బాగుండు కాకా," అన్నాడు మేస్త్రీ.

నేను డాక్టర్ కావాలనుకున్నాను. హైదరాబాదులో హాస్టల్లో ఉండి బీఎస్సీ చదివాను. మొదటి ఏడాది కెమిస్ట్రీ తప్పాను. తర్వాత ఎంత కష్టపడినా మొత్తం మీద యాభై రెండు శాతమే వచ్చింది. మనదేశంలో ఎంట్రన్స్ రెండుసార్లు రాసి పోగొట్టుకున్నాను. అమ్మానాన్నల దగ్గరికి తిరిగొచ్చాక, డిగ్రీ అయినవాళ్ళను మెడిసిన్‌లో చేర్చుకునే విదేశీ కాలేజీలు ఉన్నాయని తెలిసి, అయిదింటి నుంచి ఫారాలు తెప్పించాను. ఇక్కడ టపా ఇంటికి రాదు, కంపెనీ పోస్టు పెట్టెకు వస్తుంది. ఆ పెట్టె తాళంచెవి కాక దగ్గర ఉండేది. ఫారాలు వచ్చినరోజు కవరు విప్పకుండా చొక్కా లోపల దాచి తెచ్చి ఇచ్చాడు, ఎండ తగులుతుందట.

ఫారంతోపాటు ఒక లేఖ పంపాలి. సేవ చేయాలని నా మనసు పరితపిస్తోందని ఇంగ్లీషులో రెండు పేజీలు రాశాను. కాక చదివి పక్కన పెట్టాడు.

"పరితపించుడు అందరిది ఒక్కతీరే ఉంటది బిడ్డా. కెమిస్ట్రీ ఎందుకు తప్పినవో రాయి. గది నీదొక్కదాందే."

ఇంటిమీద బెంగతో ఆర్నెల్లు పుస్తకం తెరవలేదని రాశాను. నా జీవితంలో నేను రాసిన మొదటి నిజమైన వాక్యం అదే. దాన్ని ఇంకా గట్టిగా చెప్పాలని మళ్ళీ మళ్ళీ రాస్తుంటే ఆపాడు. "ఒక్క అచ్చరం మీద రెండుసార్లు కొడితె బలం రాదు, మరక పడ్తది."

ఫారంలో జీపీఏ అని ఒక గడి ఉంది, మార్కుల సగటు నాలుగుకు ఎంత అని. ఖాళీ గడి చూస్తే కాకకు తోచదు. "గడి ఇడిసిపెడితె ఆఫీసోడు ఫారం ఇసిరికొడ్తడు," అని కాగితం తీసుకుని భాగహారం చేశాడు. యాభై రెండును నాలుగు లెక్కకు మార్చితే రెండు పాయింటు సున్నా ఎనిమిది. నేనూ పెన్సిలుతో సరిచూసి తలూపాను. అయిదు ఫారాల్లోనూ అదే అంకె అచ్చయింది.

అయిదు చోట్ల నుంచీ కాదన్నారు. తర్వాత అల్ ఖౌద్‌లో యూనివర్సిటీలో పాఠం చెప్పే ఒక మేడం నా ఫారం నకలు చూసి తల పట్టుకుంది. "ఎవరమ్మా ఈ లెక్క వేసింది? మన సెకండ్ క్లాస్‌ను ఇలా మార్చితే అక్కడ అట్టడుగున పడేస్తారు. గడి వదిలేసి మార్కుల జాబితా పంపితే వాళ్ళే చూసుకునేవారు కదా." అలా పంపినా సీటు వచ్చేదని ఇప్పుడు నేను ఒట్టు వేయలేను. ఆరోజు మాత్రం వేశాను. తలూపింది నేనని మరిచిపోయి, తప్పంతా కాక మీదకు తోశాను.

విషయం కాకకు చేరింది. రెండు నెలల తర్వాత, చేతిలో ఒక కవరుతో మా గుమ్మంలో నిలబడ్డాడు.

"బిడ్డా, ఒక్క కాలేజోల్లు జవాబిచ్చిండ్రు. ఇగ నువ్వు ఒక్క కాయితం..."

"నీ లెక్కలు సాలు కాకా. ఏ కాయితమైనా నీ దగ్గర్నే పెట్టుకో."

అమ్మ నావైపు చూసింది. కాక కవరును చొక్కా లోపల పెట్టుకున్నాడు. విడిచిన చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. నేను ఉత్తరాల ద్వారా ఎం.ఏ. తెలుగులో చేరాను. పాఠాల పొట్లాలు ఆ పోస్టు పెట్టెకే వచ్చేవి. వాటిని మూలలు నలగకుండా కట్టి, నాన్న చేత పంపేవాడు. మాటలను ప్రేమించడం ఆ పాఠాలలోనే నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకునేదాన్ని. ఎదుట ఉన్న మనిషితో ఒక్క మాట అనడం మాత్రం రాలేదు.

నిన్న రూమ్‌లోవాళ్ళు కాక సామాన్లు సర్దుతూ, నా పేరున్న ఫైలు ఒకటి నాన్నకు ఇచ్చారు. అందులో అయిదు కాలేజీలకు కాక రాసిన ఉత్తరాల కార్బన్ నకళ్ళు ఉన్నాయి. తప్పు లెక్క టైపిస్టుదని, పిల్లది కాదని, దయచేసి మళ్ళీ చూడమని. వాటి కింద ఒక కాలేజీ జవాబు. అభ్యర్థి స్వయంగా వివరణ రాసి, అసలు మార్కుల జాబితా జతచేస్తే తిరిగి పరిశీలిస్తామని, గడువు ఒక నెల అని. కాక గుమ్మంలోకి వచ్చిననాటికి ఇంకా ఇరవై రోజులు ఉంది.

అన్నిటికన్నా అడుగున ఒక పేజీ. నా తరఫున కాక టైపు చేసి పెట్టిన వివరణ. కెమిస్ట్రీ ఎందుకు తప్పానో నేను రాసిన ఆ వాక్యం అందులో అక్షరం మారకుండా ఉంది. ఎక్కడా రెండుసార్లు కొట్టిన మరక లేదు. తేదీ దగ్గర ఖాళీ. కింద నా పేరు, పేరు మీద చుక్కల గీత, గీత మొదట్లో పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు.